పదకొండేళ్ళ కస్టమర్‌కి పూర్తి రేటు, నిన్న చేరినవాళ్ళకి సగం రేటు. ఉండాలా, మారిపోవాలా?

పాత_చందాదారు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే అయింది, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి ప్లీజ్.

మా ఇంట్లో నెట్టు, మూడు మొబైల్ నంబర్లు అన్నీ ఒకే కంపెనీవి, పదకొండేళ్ళు అవుతోంది. ఇన్నేళ్ళలో ఒక్క బిల్లు కూడా లేటుగా కట్టలేదు, ఆటో పే పెట్టేసి వదిలేశాం, అసలు బిల్లు తెరిచి చూసేదాన్నే కాదు. పోయిన నెల ఎందుకో తెరిస్తే రెండేళ్ళ కిందటి బిల్లు కంటే దాదాపు మూడో వంతు ఎక్కువుంది. ప్లాన్ అదే, స్పీడు అదే. సరే అందరికీ పెంచారేమో అనుకుని వాళ్ళ వెబ్‌సైట్లోకి వెళ్ళి చూశా. సరిగ్గా మా ప్లానే, కొత్తగా చేరేవాళ్ళకి మేం కట్టేదాంట్లో ఇంచుమించు సగానికి ఇస్తున్నారు. కింద చిన్న అక్షరాల్లో కొత్త కస్టమర్లకి మాత్రమే అని ఉంది.

కాల్ చేశా. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక నలభై నిమిషాలు మ్యూజిక్కే. తర్వాత ఒకబ్బాయి వచ్చి చాలా మర్యాదగానే విని, వచ్చే బిల్లులో కొంత తగ్గించి క్రెడిట్ వేస్తానన్నాడు. బిల్లు వచ్చింది, క్రెడిట్ లేదు. మళ్ళీ కాల్ చేస్తే ఇంకొకావిడ, మీ అకౌంట్లో అలాంటి నోట్ ఏమీ లేదండీ అంది. మొదట్నుంచీ కథంతా మళ్ళీ చెప్పా. మూడోసారి ఇంకొకళ్ళు, మళ్ళీ మొదట్నుంచి. చాట్‌లో అడిగితే బాట్ నాకు ప్లాన్ అప్‌గ్రేడ్ లింకులు పంపుతోంది తప్ప మనిషికి కలపదు. నాలుగోసారి నిజంగా కడుపు మండిపోయి, అన్నీ కట్ చేసేయండి వెళ్ళిపోతున్నాం అన్నా. రెండు నిమిషాల్లో వేరే డిపార్ట్‌మెంటుకి కలిపారు, ఆయన వెంటనే, మేడమ్ మీరు మాకు ఎంతో విలువైన కస్టమర్ అని, కొత్తవాళ్ళ రేటు కంటే కొంచెం మాత్రమే ఎక్కువలో ఆఫర్ ఇచ్చాడు, కానీ రెండేళ్ళు కదలకూడదంట.

నాకు సంతోషం వెయ్యాలి కదా, ఏడుపొచ్చింది. అంటే ఈ రేటు ఇవ్వడానికి వాళ్ళకి ఎప్పుడూ కుదిరేదేనన్నమాట, నేను అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. మా నాన్నగారు రిటైరై పెన్షన్ మీద ఉన్నారు, ఆయన లైను కూడా ఇదే బిల్లులో ఉంది, ఇన్నేళ్ళు ఎంత ఎక్కువ కట్టి ఉంటామో లెక్కేసుకోవాలంటే భయంగా ఉంది.

ఇప్పుడు ఆ ఆఫర్ తీసుకోవాలా, వేరే కంపెనీకి వెళ్ళాలా? అమ్మ నంబర్ బ్యాంకులకీ ఆస్పత్రికీ అన్నిటికీ లింక్ అయి ఉంది, అది పోతే చాలా కష్టం. ఒక ఫోన్ మీద ఇంకా వాయిదాలు నడుస్తున్నాయి. ఇంకోటి, మా ఏరియాలో వైర్‌తో నెట్టు ఇచ్చేవాళ్ళు ఇద్దరే.

రాత్రిషిఫ్ట్:

అక్కా, మీరు చెప్పిన కాల్స్ అవతలి వైపు నేను ఆరేళ్ళు కూర్చున్నా, అందులో చివరి రెండేళ్ళు రిటెన్షన్‌లో, అంటే వెళ్ళిపోతాం అన్నవాళ్ళని ఆపే డిపార్ట్‌మెంటులో. మిమ్మల్ని లాస్ట్‌లో కలిపింది అక్కడికే. కంపెనీ పేరు నేనూ చెప్పను కానీ పద్ధతి చెప్తా.

మామూలు కస్టమర్ కేర్‌లో కూర్చున్న పిల్లలకి మీ రేటు తగ్గించే అధికారమే ఉండదు. చిన్న చిన్న క్రెడిట్లు వెయ్యగలరు, దానికీ నెలకో లిమిట్, లిమిట్ దాటితే సూపర్‌వైజర్ అప్రూవ్ చెయ్యాలి. ఆ అబ్బాయి అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, రిక్వెస్ట్ పెట్టి ఉంటాడు, పైన రిజెక్ట్ అయి ఉంటది, ఆ సంగతి అతనికీ తెలియదు మీకూ తెలియదు. నోట్ ఎందుకు లేదంటే, కాల్ అయిపోయాక నోట్ రాసుకోవడానికి మాకు ఇచ్చే టైమ్ సెకన్లలో ఉండేది, ఆ లోపల నెక్స్ట్ కాల్ వచ్చి పడేది. ఒక్కో కాల్ సగటున ఎన్ని నిమిషాల్లో ముగించావు అనేది మా జీతం ఇంక్రిమెంట్ అన్నిటికీ ముడిపెట్టేవాళ్ళు. మీ సమస్య తీరిందా లేదా అని కూడా కొలిచేవాళ్ళుగానీ దాని వెయిట్ తక్కువ. నిజంగా మనసు పెట్టి పని చేసే పిల్లలకే స్కోర్లు తక్కువొచ్చేవి, నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి ఒక పెద్దాయనకి మోడెమ్ సెట్ చెయ్యడానికి గంట పట్టిందని ఆ వారం రేటింగ్ పోగొట్టుకుంది. అది నేను మర్చిపోలేను.

రిటెన్షన్‌లో సీన్ వేరు. స్క్రీన్ మీద మీరెన్నేళ్ళ నుంచి ఉన్నారు, కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుంది, వెళ్ళిపోయే ఛాన్స్ ఎంత అని ఒక స్కోరు, మీకు ఇవ్వదగ్గ ఆఫర్లు వరసగా ఉండేవి. మేం మొదట పైనున్నది, అంటే కంపెనీకి తక్కువ నష్టం ఉన్నది చెప్పాలి. కాదంటే రెండోది. చాలామంది మొదటిదానికే థాంక్స్ చెప్పి ఒప్పేసుకునేవాళ్ళు. కాబట్టి మీకు చెప్పింది చివరి ఆఫర్ అని నేను అనుకోను. రెండేళ్ళు లాక్ లేకుండా ఇదే రేటు ఇస్తారా అని అడగండి, ఇంకో రోజు ఇంకొకళ్ళని అడగండి.

ఇంకొకటి, ఏ మాట ఇచ్చినా ఆ నోట్ చదివి వినిపించమనండి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి, వీలైతే చాట్‌లోనే రాతపూర్వకంగా చెప్పించుకుని సేవ్ చేసుకోండి. నోట్ చదివి వినిపించండి అన్న కస్టమర్ కాల్ మేం చాలా జాగ్రత్తగా రాసేవాళ్ళం.

లెక్క_తప్పదు:

పాత_చందాదారు గారూ, మీకు ఒక్కరికే జరిగింది కాదు. బ్రిటన్‌లో దీనికి లాయల్టీ పెనాల్టీ అని పేరే పెట్టారు. 2018 సెప్టెంబర్‌లో అక్కడి సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ పోటీ వ్యవహారాలు చూసే అథారిటీకి ఒక పెద్ద ఫిర్యాదు ఇచ్చింది, మొబైల్, బ్రాడ్‌బ్యాండ్, ఇంటి ఇన్సూరెన్స్, హోమ్ లోన్లు, సేవింగ్స్ ఖాతాలు, ఈ 5 రంగాల్లో పాత కస్టమర్లు కదలకుండా ఉన్నందుకే ఏడాదికి 410 కోట్ల పౌండ్లు ఎక్కువ కడుతున్నారని లెక్క తేల్చింది. అందులో నాకు బాగా గుర్తున్నది ఫోన్ విషయం. ఫోనూ ప్లానూ కలిపి రెండేళ్ళ కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళకి, రెండేళ్ళయ్యాక ఫోన్ డబ్బు మొత్తం తీరిపోయినా అదే బిల్లు నడిపిస్తూ పోయేవాళ్ళు, అంటే ఎప్పుడో తీరిపోయిన ఫోన్‌కి మళ్ళీ మళ్ళీ కట్టడం. మీ వాయిదాలు ఎప్పుడు అయిపోతాయో, అయిపోయిన నెల బిల్లు తగ్గుతుందో లేదో ఇప్పుడే అడిగి రాయించుకోండి.

ఆ ఫిర్యాదులు, చర్చలు అన్నీ అయ్యాక, కాంట్రాక్టు అయిపోయే ముందు కస్టమర్‌కి కంపెనీయే చెప్పాలి, తన దగ్గరున్న మంచి రేట్లు కూడా చెప్పాలి అని అక్కడి రెగ్యులేటర్ ఆఫ్‌కామ్ రూల్ పెట్టింది, 2020 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. ఒక మెసేజ్ పంపడమే ఆ రూలు, అంతకంటే ఏం లేదు, కానీ ఆ మెసేజ్ వస్తే మీరు బిల్లు రెండేళ్ళ కిందటే తెరిచి చూసేవారు.

అసలు ఎందుకిలా చేస్తారంటే, నెట్‌వర్క్ కట్టడానికి అయ్యే ఖర్చు ముందే అయిపోతుంది. స్పెక్ట్రమ్ (సిగ్నల్ పంపే తరంగాల హక్కు), టవర్లు, కేబుల్ తవ్వి వేయడం. అవి అయ్యాక ఇంకో కస్టమర్‌ని కలుపుకోవడానికి అయ్యేది చాలా తక్కువ. అందుకే ఈ వ్యాపారంలో రేటు అనేది ఖర్చుని బట్టి ఉండదు, ఎవరు పారిపోయేలా ఉన్నారు ఎవరు ఉండిపోతారు అనేదాన్ని బట్టి ఉంటుంది. పక్క కంపెనీ నుంచి వచ్చేవాడికి తగ్గించి ఇస్తారు, కదలనివాళ్ళ దగ్గర ఆ లోటు పూడుస్తారు. కదలనివాళ్ళు ఎవరూ అంటే ఎక్కువగా మీ నాన్నగారిలాంటి పెద్దవాళ్ళు, ఆన్‌లైన్‌లో పోల్చి చూసుకోవడం రానివాళ్ళు, ఫోన్లో గంటసేపు వాదించే ఓపిక లేని జబ్బుపడ్డవాళ్ళు. నాకు ఇందులో కోపం తెప్పించేది ఇదే. ఎక్కువ రేటు పెట్టడం ఒక సంగతి, తట్టుకోలేనివాళ్ళ మీదే పడేట్టు పెట్టడం ఇంకో సంగతి.

ఇంకా రేటు పెంచడానికి సవాలక్ష దారులు. 28 రోజుల లెక్క చూడండి. నెల అనుకుని కడతాం, 28 ఇంటూ 13 అంటే 364, ఏడాదికి పన్నెండు కాదు పదమూడు సార్లు కడుతున్నాం. ఇండియాలో దీని మీద జనం గోల పెడితే 2022 జనవరిలో అక్కడి టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్, ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాన్, ఒక్కటైనా ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్ పెట్టి తీరాలంది. ఇటలీలో అయితే కంపెనీలు ఇళ్ళ నెట్ బిల్లులు కూడా 28 రోజులకి మార్చేశాయి, 2017 చివర్లో పార్లమెంటే చట్టం చేసి నెల బిల్లుకి తిప్పించింది. అప్పుడేం చేశారంటే పెద్ద కంపెనీలు అన్నీ కలిసినట్టుగా నెల రేటుని 8.6 శాతం పెంచామని చెప్పాయి, ఏడాది మొత్తం మీద జనం కట్టేది మాత్రం పాతదే. 365ని 28తో భాగించి దాన్ని 12తో భాగిస్తే ఆ 8.6 ఎక్కడ్నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. దాని మీద 2018లో అక్కడి పోటీ అథారిటీ విచారణ కూడా మొదలుపెట్టింది.

కాబట్టి ప్లాన్లు పోల్చేటప్పుడు నెల రేటు చూడకండి, ఇన్‌స్టాలేషన్, మోడెమ్ అద్దె, ఆఫర్ అయిపోయాక రేటు అన్నీ వేసి కాంట్రాక్టు మొత్తానికి ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసుకుని పోల్చండి.

నిదానం:

ఇవన్నీ చదివితే వెంటనే మారిపోవాలనే అనిపిస్తుంది, నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమనుకోకండి.

నేను మూడేళ్ళలో మూడు కంపెనీలు మారా, ప్రతిసారీ కొత్త ఆఫర్ చూసే. ఒకచోట బిల్లు చాలా తగ్గింది కానీ ఇంట్లో లోపలి గదిలో సిగ్నల్ లేదు, అమ్మకి ఒంట్లో బాలేనప్పుడు డాక్టర్ కాల్ చేస్తే అందలేదు. ఆ రోజు నుంచి నాకు రేటు రెండో విషయమే. మారే ముందు ఆ కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసుకుని ఒక నెల మీరు ఎక్కడెక్కడ తిరుగుతారో అక్కడ వాడి చూడండి, వాళ్ళ కవరేజ్ మ్యాప్ నమ్మొద్దు, మ్యాప్‌లో రోడ్డు మీద ఉన్నట్టు ఉంటుంది, ఇంట్లో గోడల మధ్య ఉండదు.

రెండోది, రేటు మరీ తగ్గిపోతే కూడా చివరికి మన నెత్తినే పడుతుందని నా నమ్మకం. 2016 సెప్టెంబర్‌లో ఇండియాలో జియో వచ్చింది, కాల్స్ ఫ్రీ, డేటా దాదాపు ఫ్రీ, అందరం సంబరపడ్డాం, నిజంగా కోట్లమందికి మొదటిసారి ఇంటర్నెట్ అందింది, అది కాదనను. కానీ రెండేళ్ళు తిరక్కుండా ఆర్‌కామ్ (రిలయన్స్ కమ్యూనికేషన్స్) మొబైల్ సర్వీసు ఆపేసింది, ఎయిర్‌సెల్ దివాలాకి వెళ్ళింది, టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది, 2018 ఆగస్టులో వొడాఫోన్ ఐడియా ఒకటైపోయాయి. ప్రైవేటులో మిగిలింది ముగ్గురు. 2024 జూలై మొదటి వారంలో ఆ ముగ్గురూ ఒకటి రెండు రోజుల తేడాతో రేట్లు పెంచారు. జనం కోపంతో బీఎస్ఎన్ఎల్‌కి వెళ్ళారు, ఆ ఒక్క నెలలో దానికి దాదాపు 29 లక్షలమంది పెరిగారు. అదే ఏడాది నవంబర్ వచ్చేసరికి మళ్ళీ తగ్గడం మొదలైంది. రేటు తక్కువే, కానీ అప్పటికి చాలాచోట్ల దాని 4జీ ఇంకా రాలేదు, మరి జనం ఏం చేస్తారు. పోటీ అంటే మార్కెట్లో ఇంకో పేరు ఉండటం కాదండీ, ఆ పేరు మీద సిగ్నల్ కూడా ఉండాలి.

అందుకని మీ కంపెనీ నెట్‌వర్క్ బావుంటే ఆ ఆఫర్ తీసుకోవడం తప్పేం కాదు. రెండేళ్ళ లాక్ మాత్రం ఒప్పుకోకండి.

రాత్రిషిఫ్ట్:

నిదానం అన్నా, సిమ్ పెట్టి టెస్ట్ చేసుకోమన్నది చాలా కరెక్ట్. కానీ ఆఫర్ తీసుకుని ఉండిపోతే రెండేళ్ళయ్యాక మళ్ళీ ఇదే కథ, మళ్ళీ పాత రేటుకి ఎక్కించేస్తారు, అది ఆటోమేటిక్. ఉండిపోయినా సరే కాంట్రాక్టు అయిపోయే తేదీ ఫోన్లో రిమైండర్ పెట్టుకోవాలి.

పోర్ట్_అయినవాడు:

చర్చ బాగుంది కానీ ఆవిడకి ముందు నంబర్ భయం తీర్చాలి కదా, అది నేను చెప్తా, మా ఇంట్లో నాలుగు నంబర్లు పోర్ట్ చేయించా, అంటే నంబర్ అదే ఉంచుకుని కంపెనీ మార్చడం.

మేడమ్, అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటే, పాత కంపెనీకి ఫోన్ చేసి నంబర్ కట్ చేయమని ఎట్టి పరిస్థితిలో అనకండి. మీరు నాలుగో కాల్‌లో కోపంలో అన్నారు చూడండి, నిజంగా వాళ్ళు కట్ చేసుంటే అమ్మగారి నంబర్ పోయేది. నంబర్ బతికి ఉండగానే పోర్ట్ పెట్టాలి, పోర్ట్ పూర్తయితే పాత కనెక్షన్ దానంతటదే ఆగిపోతుంది. రూల్స్ చాలా దేశాల్లో కొంచెం అటూ ఇటూ ఇంతే. ఇండియాలో 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, అది కొత్త కంపెనీకి ఇస్తే ఒకే సర్కిల్ (టెలికాం లెక్కలో దాదాపు రాష్ట్రం లాంటి ప్రాంతం) అయితే 3 పని దినాలు, వేరే సర్కిల్ అయితే 5. పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంటే కోడ్ రాదు, ఆ కంపెనీలో 90 రోజులు నిండకపోయినా రాదు. బ్రిటన్‌లో 2019 జూలై 1 నుంచి ఒక్క మెసేజ్‌తో కోడ్ వచ్చేస్తుంది, అదే మెసేజ్‌లో మీరింకా ఎంత బాకీ ఉన్నారో కూడా చెప్తారు, మారడం మరుసటి పని దినానికి అయిపోవాలి. అంతకుముందు అక్కడ కూడా కోడ్ కోసం పాత కంపెనీకి ఫోన్ చెయ్యాలి, వాళ్ళు మీకు చెప్పినట్టే వద్దు మేడమ్ ఆగండి అని బతిమాలేవాళ్ళు, ఆ మాట్లాడే అవసరం తీసెయ్యడమే ఆ రూల్ చేసిన గొప్ప పని. మనిషితో వాదించకుండా వెళ్ళిపోవచ్చు అంటే మా నాన్నలాంటివాళ్ళు కూడా వెళ్ళగలరు.

ఇవి చూసుకోండి. నంబర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ పేరు, ఐడీ సరిగ్గా కలవాలి, మా అమ్మ నంబర్ నా పేరు మీద ఉండి అదే ఆలస్యమైంది. పోర్ట్ అయ్యే రోజు కొన్ని గంటలు సిమ్ పనిచెయ్యకపోవచ్చు, ఆ రోజు ఓటీపీ అవసరమయ్యే పనులు పెట్టుకోకండి, ఆస్పత్రికి ఇంకో నంబర్ కూడా ఇచ్చి ఉంచండి. పోర్ట్ కోడ్ ఎవరికీ చెప్పకండి, కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం అని ఎవరన్నా కాల్ చేసి అడిగినా సరే, ఆ కోడ్ చేతిలో పడితే మీ నంబర్, దాంతోపాటు బ్యాంకు ఓటీపీలు వాళ్ళ చేతికి పోతాయి.

ఇంటి నెట్ మాత్రం వేరే సంగతి, కొత్త లైను వచ్చి పనిచేస్తుందని చూసుకున్నాకే పాతది ఆపండి, వారం రెండు చోట్లా కట్టినా ఫర్వాలేదు. మోడెమ్ తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబర్ కనపడేట్టు ఫోటో, రసీదు ఉంచుకోండి, నాకు మూడు నెలల తర్వాత మోడెమ్ ఇవ్వలేదని బిల్లేశారు, ఆ ఫోటోయే కాపాడింది. ఆఖరి బిల్లు వచ్చాకే ఆటో పే తీసేయండి. నెట్ కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ ఐడీ ఎవరన్నా వాడుతుంటే ముందు దాన్ని మార్చుకోండి, కనెక్షన్‌తో పాటు అది కూడా పోయే ప్రమాదం ఉంది.

పాత_చందాదారు:

అందరికీ చాలా చాలా థాంక్స్. కట్ చేయమని అనొద్దన్న మాట చదివి నిజంగా చెమటలు పట్టాయి. మొబైల్ సంగతి క్లియర్ అయింది. నెట్ సంగతే, ఇద్దరే ఉన్నారన్నా కదా, రెండోవాడి రేటు కూడా మావాడి రేటుకి దగ్గర్లోనే ఉంది, ఒకడు పెంచిన నెలకో రెణ్ణెల్లకో ఇంకొకడు పెంచుతాడు. ఇలాంటిచోట మనలాంటివాళ్ళం ఏం చేస్తాం చెప్పండి.

మూడోవాడు:

మీ ప్రశ్నకి నా హ్యాండిల్ పేరే సమాధానం అండీ, మూడోవాడు రావాలి, లేదా నాలుగోవాడు. ఇది మాటవరసకి అనట్లేదు.

ఫ్రాన్స్‌లో 2012 దాకా మొబైల్ కంపెనీలు మూడే, ఆరెంజ్, ఎస్ఎఫ్ఆర్, బూయిగ్. 2012 జనవరి 10న జేవియర్ నీల్ అనే వ్యాపారవేత్త కంపెనీ, దాని పేరే ఫ్రీ, నాలుగోదిగా దిగింది, 19.99 యూరోలకి అన్‌లిమిటెడ్ కాల్స్, కాంట్రాక్టు లేదు, ఇంకో చిన్న ప్లాన్ 2 యూరోలకే. ఇది అందరికీ తెలిసిన కథ. నాకు నచ్చే భాగం అంతకుముందుది. ఫ్రీ ఇంకా రాకముందే, వస్తోందని తెలిసి, 2011లోనే ఆ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కాంట్రాక్టు లేని చవక బ్రాండ్లు తెరిచారు. బూయిగ్ బీ అండ్ యూ అని, ఆరెంజ్ సోష్ అని, ఎస్ఎఫ్ఆర్ రెడ్ అని. అంటే తక్కువకి ఇవ్వడం వాళ్ళకి ముందు నుంచీ వచ్చు, ఎవరో తలుపు దగ్గరికి వచ్చేదాకా ఇవ్వలేదు. మీకు నాలుగో కాల్‌లో ఆఫర్ రావడం, ఆ దేశం మొత్తానికి ఆఫర్ రావడం రెండూ ఒకే లెక్కలో జరిగాయి.

అమెరికాలో దానికి ఉల్టా చూడండి. 2011లో ఏటీ అండ్ టీ, టీ-మొబైల్‌ని కొనేస్తానంది, ప్రభుత్వం కోర్టుకెళ్ళి అడ్డుకుంది, ఆ డిసెంబర్‌లో డీల్ వదిలేసుకున్నారు, ఒప్పందం ప్రకారం ఏటీ అండ్ టీ డబ్బూ స్పెక్ట్రమూ టీ-మొబైల్‌కి ఇచ్చుకోవాల్సి వచ్చింది. అమ్ముడుపోవాల్సిన ఆ కంపెనీయే 2013లో రెండేళ్ళ కాంట్రాక్టులు ఎత్తేసింది, తర్వాత మిగతావాళ్ళు కూడా ఆ దారికే వచ్చారు. ఆ రోజు అమ్మకం జరిగి ఉంటే ఆ పని చేసేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. అందుకే రెండు కంపెనీలు కలిసిపోతున్నాయి అనే వార్త బిజినెస్ పేజీలో చదివి వదిలేసేది కాదు, మన బిల్లు వార్త అది. రెగ్యులేటర్లు ప్రజాభిప్రాయం అడుగుతూ కాగితాలు పెడతారు, ట్రాయ్ పెడుతుంది, ఆఫ్‌కామ్ పెడుతుంది, కంపెనీలు వందల పేజీలు రాస్తాయి, వినియోగదారుల నుంచి వెళ్ళేవి చాలా తక్కువ. మీ మొదటి పోస్టు అలాగే కాపీ చేసి పంపినా పనికొస్తుంది. ఇండియాలో డేటా వాడని పెద్దవాళ్ళు కూడా డేటా ప్లానే కొనాల్సి వస్తోందని జనం మొత్తుకుంటే, 2024 డిసెంబర్‌లో ట్రాయ్ వాయిస్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ పెట్టాలని రూల్ తెచ్చింది. రేటు మీద మళ్ళీ విమర్శలు వచ్చాయిగానీ ప్యాక్ అయితే వచ్చింది.

మీకు ఈ నెలలో పనికొచ్చేది, వైర్ ఉన్న కంపెనీలు ఇద్దరే అయినా వాళ్ళ లైను మీదే వేరే పేరుతో అమ్మే చిన్న కంపెనీలు కొన్నిచోట్ల ఉంటాయి, అడగండి. 5జీ సిగ్నల్ బావుంటే సిమ్ రౌటర్ నెట్ కూడా చూడండి, పెద్ద డౌన్‌లోడ్లు లేని ఇంటికి సరిపోతుంది. ఇంక ఆ ఎగ్గొట్టిన క్రెడిట్ వదలకండి, ముందు కంపెనీలో రాతపూర్వక ఫిర్యాదు, నంబర్ తీసుకుని, గడువు దాటాక దాని పైన అప్పీలు, ఆ తర్వాత బయట అంబుడ్స్‌మన్‌కో కన్స్యూమర్ ఫోరమ్‌కో. కాల్ చేసిన తేదీలు మీ దగ్గర ఉంటాయి కదా, కాల్ హిస్టరీలో ఎన్ని నిమిషాలో కూడా ఉంటుంది.

నిదానం:

మూడోవాడు గారూ, ఫ్రాన్స్ విషయం ఒప్పుకుంటా. కాకపోతే కొత్తవాడు వచ్చాక నిలబడేంత దమ్ము కూడా ఉండాలి, నేను చెప్పింది అంతే. చివరికి ముగ్గురే మిగిలితే వచ్చి ఏం లాభం.

మూడోవాడు:

నిజమేనండీ, అందుకే కొత్తవాడికి స్పెక్ట్రమ్, మొదటి కొన్నేళ్ళు పాతవాళ్ళ టవర్ల మీద రోమింగ్ దొరికేట్టు రెగ్యులేటర్ చూడాలి. ఫ్రీ కూడా మొదట్లో ఆరెంజ్ నెట్‌వర్క్ మీదే చాలా వరకు నడిచింది. ఆ ఏర్పాటు లేకపోతే మీరన్నట్టే అయ్యేది.

పాత_చందాదారు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, ఇలాంటి పోస్టుల్లో చివరికి ఏమైందో ఎవరూ రాయరు అని నాకే విసుగు.

ముందు వేరే కంపెనీ సిమ్ ఒకటి కొని పది రోజులు అమ్మ గదిలో, నాన్న నడకకి వెళ్ళే దారిలో, మా ఆఫీసులో అన్నిచోట్లా చూశాం. బావుంది. అమ్మ నంబర్, నాది పోర్ట్ చేశాం, అమ్మది మధ్యాహ్నం మూడు గంటలపాటు ఆగి తర్వాత వచ్చేసింది, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ వస్తున్నాయి. వాయిదాలున్న ఫోన్ నంబర్ అక్కడే ఉంచాం, ఇంకా ఐదు నెలలు, అయిపోయే తేదీ గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసింది నాన్నే.

ఇంటి నెట్‌కి రిటెన్షన్ వాళ్ళకి మళ్ళీ కాల్ చేశా, రాత్రిషిఫ్ట్ తమ్ముడు చెప్పినట్టే లాక్ లేకుండా కావాలన్నా, కుదరదన్నారు, సరే అని పెట్టేశా. రెండు రోజులకి వాళ్ళే కాల్ చేశారు, ఏడాది లాక్‌తో, మొదటి ఆఫర్ కంటే ఇంకొంచెం తక్కువకి. నోట్ చదివి వినిపించమన్నా. చదివారు. అందులో ఏడాది అనే మాట లేదు, రెండేళ్ళు అని ఉంది. అడిగితే మార్చి మళ్ళీ చదివారు. ఈమెయిల్‌లో కూడా పంపించుకుని అప్పుడు ఒప్పుకున్నా.

క్రెడిట్ ఫిర్యాదుకి తేదీలు, కాల్ నిమిషాలు అన్నీ పెట్టి పంపా, నాలుగు కాల్స్ కలిపి మూడు గంటల పన్నెండు నిమిషాలు అయింది. అందిందని నంబర్ వచ్చింది, జవాబు ఇంకా రాలేదు. గడువు ఇంకో పదకొండు రోజులుంది, రాకపోతే అప్పీలు కాగితం రాసి పెట్టుకున్నా.

ఇంకో సాయం కావాలి. మా వీధిలో ఇంకో నలుగురు పెద్దవాళ్ళు ఇదే కంపెనీలో ఉన్నారు, నాన్న చెప్తే నిన్న వాళ్ళ బిల్లులు పట్టుకుని ఇంటికొచ్చారు. ఒకాయన పాత ఫోన్‌కి ఇంకా కడుతున్నట్టే కనిపిస్తోంది, కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది. లెక్క_తప్పదు గారూ, అలా కట్టింది వెనక్కి అడగడానికి ఏమన్నా దారి ఉందా, మొదట ఏ కాగితాలు అడగాలో చెప్తారా?

లెక్క_తప్పదు:

ముందు ఆయన సంతకం పెట్టిన అసలు కాంట్రాక్టు కాపీ, ఫోన్ ధర విడిగా చూపించిన బిల్లు ఒకటి ఉంటే అది, గత రెండేళ్ళ బిల్లులు మొత్తం అడగండి, ఈమెయిల్‌లోనే అడగండి. వెనక్కి వస్తుందా లేదా అనేది ఆ కాంట్రాక్టులో ఫోన్ డబ్బు వేరుగా రాశారా, అంతా కలిపి ఒకే రేటు రాశారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. వేరుగా రాసి ఉంటే గట్టిగా అడగొచ్చు. కాగితాలు వచ్చాక పేరు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, కూర్చుని చూద్దాం. ఈలోగా ఆయన్ని ఫోన్ లేని మామూలు సిమ్ ప్లాన్‌కి మార్పించెయ్యండి, కనీసం వచ్చే నెల నుంచి ఆ కట్టడం ఆగుతుంది.